సున్నా నుంచి పది దాకా

గాజు బల్ల అంచుకి మోకాలి కింది ఎముక గట్టిగా కొట్టుకుందనుకోండి, ఎంత నొప్పి పుడుతుంది? నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే. నొప్పే లేకపోతే సున్నా. ఊహకందే నొప్పులన్నిటిలోకీ ఘోరమైనదైతే పది. ఈ రెంటి మధ్య మీకు తోచిన అంకె చుట్టండి. ఆ తర్వాత మరిగే పానీయం తాగి నాలుక కాల్చుకోవడం, సొరుగులో వేలు నలగడం, సైకిలు మీంచి పడి మోకాలు గీసుకుపోవడం, తెగిన వేలికి నిమ్మరసం తగలడం, గులాబీ ముల్లు గుచ్చుకోవడం అడుగుతాను. ఇలా మొత్తం 17. చివరిది మోచెయ్యి బల్లకి తగిలి చెయ్యంతా జివ్వుమనడం. ఇంత అడిగినా ఎవరి ఒంటినీ ముట్టుకోను. వాళ్ళ జ్ఞాపకాన్నే తట్టి చూస్తాను.

నేను పుట్టింది జర్మనీలో, మ్యూన్‌స్టర్ విశ్వవిద్యాలయంలో. రూత్ రుషెవై అనే వైద్యురాలూ ఆమె సహచరులూ నన్ను తయారుచేసి 2009లో ‘పెయిన్’ పత్రిక ద్వారా లోకానికి చూపించారు. పెయిన్ సెన్సిటివిటీ క్వశ్చనేర్, అంటే నొప్పి సున్నితత్వ ప్రశ్నావళి, అని పేరు పెట్టారు. నాకు ముందు ఒక మనిషి నొప్పికి ఎంత సున్నితమో తెలుసుకోవాలంటే నొప్పి పెట్టి చూడాల్సిందే. చర్మం మీద వేడెక్కే పలక ఆనించేవారు, మంచునీళ్ళలో చెయ్యి ముంచమనేవారు, గోటి మీదో కండ మీదో పరికరంతో నొక్కేవారు. 1940ల్లో న్యూయార్క్‌లో హార్డీ, వుల్ఫ్, గుడెల్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు నుదుటికి నల్లరంగు పూసి, దీపపు వేడిని దాని మీదికి గురిపెట్టి నొప్పిని కొలిచారు. ఆ కొలతకి ‘డోల్’ అనే ప్రమాణం కూడా పెట్టారు. ముందు తమ నుదుళ్ళనే కాల్చుకున్నారు వాళ్ళు. ఆ మనుషులంటే నాకు గౌరవం. కానీ అప్పటికే నడుం నొప్పితో కుంటుకుంటూ వచ్చిన రోగికి ఇంకాస్త నొప్పి పెట్టి పరీక్షించడం ఎవరికి మాత్రం ఇష్టం? పరికరం కావాలి, దాన్ని వాడటం తెలిసిన మనిషి కావాలి, బోలెడంత సమయం కావాలి. నాకైతే ఒక కలం, కొన్ని నిమిషాలు చాలు.

నాలో మూడు ప్రశ్నలు నొప్పివి కావు. గోరువెచ్చటి నీళ్ళతో స్నానం, చల్లటి టైల్స్ మీద వట్టికాళ్ళతో నడక, మామూలుగా చెయ్యి కలపడం. వీటిని చూసి కొందరు ఇదేం ప్రశ్న అన్నట్టు తలెత్తుతారు. ఆ అంకెలు లెక్కలోకి రావు. సున్నా అనే చోటు కూడా ఒకటుందని గుర్తుచేయడానికే అవి ఉన్నాయి. మిగతా 14 అంకెల సగటే నా స్కోరు. అందులో ఏడు ఒక మోస్తరు నొప్పులు, ఏడు చిన్న నొప్పులు. వాటి సగటులు విడిగా కూడా తీస్తారు.

నన్ను మొదట పరీక్షించినప్పుడే తేలిన సంగతి ఒకటుంది. వేడి ఏ క్షణాన నొప్పిగా మారుతుందో ఆ గడపని నేను పట్టుకోలేను. గడప దాటాక ఆ నొప్పి మనిషిలో ఎంత పెద్దదవుతుందో, దాన్ని మాత్రం పట్టుకుంటాను. ప్రయోగశాలలో వేడికీ చలికీ ఒత్తిడికీ జనం ఇచ్చిన అంకెలతో నా అంకెలు కలిశాయి. ఈ తేడా తెలియకుండా నన్ను వాడితే నాకు రాని పని నాకు అప్పగించినట్టే.

కొరియా భాషలోకి నేను మారింది దక్షిణ కొరియాలోని వెన్నెముక వైద్యుల చేతుల్లో. సియోల్ పక్కన సొంగ్‌నామ్‌లో ఉన్న బుందాంగ్ సియోల్ జాతీయ విశ్వవిద్యాలయ ఆసుపత్రికి చెందిన కిమ్ హో-జుంగ్, ఆయన సహచరులు ఈ పని తలకెత్తుకున్నారు. నన్ను కన్న రుషెవై కూడా అందులో పాలుపంచుకుంది. 2014లో ‘పెయిన్ ప్రాక్టీస్’ పత్రికలో నా కొరియన్ రూపం అచ్చయింది. ఇలాంటి ప్రశ్నావళిని భాష మార్చేటప్పుడు పాటించే పద్ధతి చాలా ఓపికతో కూడింది. ఇద్దరు విడివిడిగా అనువదిస్తారు. రెండూ కలిపి ఒకటి చేస్తారు. అసలు ప్రతి చూడని వాళ్ళ చేత దాన్ని మళ్ళీ వెనక్కి తిప్పిస్తారు. ఎక్కడ అర్థం జారిందో నిపుణులు కూర్చుని చూస్తారు. తర్వాత రోగుల చేతికిచ్చి, ఏం అర్థమైందని అడుగుతారు. అక్కడితో అయిపోదు. నా ప్రశ్నలు ఒకదానితో ఒకటి పొందికగా ఉన్నాయా, అదే మనిషి కొన్నాళ్ళ తర్వాత మళ్ళీ నింపితే అంకెలు దగ్గరగా వస్తాయా అని లెక్కలు వేస్తారు. ఇంత చేస్తేనే నా అంకె మీద ఒక వైద్యుడు భరోసా పెట్టుకోగలడు.

నా ప్రశ్నలు జర్మన్ ఇళ్ళలో పుట్టినవి. కొరియాలో నన్ను చదివేవాళ్ళ బతుకు వేరు. నేల అడుగునుంచి వెచ్చబడే ఒండొల్ గదుల్లో చెప్పులు విప్పి తిరిగే జనం వీళ్ళు. మట్టిగిన్నెలో ఇంకా కుతకుత ఉడుకుతున్న పులుసు నేరుగా భోజనం బల్ల మీదికే వస్తుంది. చలికాలం ముంగిట్లో కిమ్‌జాంగ్ అంటే ఉప్పులో ఊరిన క్యాబేజీలను చన్నీళ్ళలో కడిగి, మిరప్పొడి ముద్ద ఆకు ఆకుకీ పట్టించడం. చేతులతో మంచు ముద్దలు చేస్తే ఎంత నొప్పి అని నేనడిగినప్పుడు, ఏళ్ళ తరబడి ఆ పని చేసిన చేతులు ఏ అంకె చుడతాయి? బరువైన బూట్లేసుకున్నవాళ్ళు కాలు తొక్కడం గురించి అడిగితే, సైన్యంలో తప్పనిసరి కొలువు చేసొచ్చిన మగవాడికి గుర్తొచ్చే బూటు వేరు. ప్రశ్న ఒకటే అయినా జవాబు ఎవరి బతుకులోంచి వాళ్ళకి వస్తుంది.

ఒక పెద్దామె నన్ను నింపడం బాగా గుర్తు. కూతురు పక్కనే కూర్చుని చదివి వినిపిస్తోంది. పొరపాటున కాలే గిన్నెని కాలే పిడులతోనే ఎత్తారనుకోండి అన్న ప్రశ్నకి ఆమె రెండు అంది.

“రెండేంటమ్మా! మొన్న చెయ్యి కాలితే రాత్రంతా నిద్రపోలేదు కదా.”

“హోటల్లో రోజూ ఎత్తేదాన్ని. దానికేముంది?”

“అలవాటైంది, అంతే. నొప్పి లేదని కాదు. ఆరన్నా వెయ్యి.”

నర్సు ఆగి, “అమ్మగారూ, మీకు ఎంతనిపిస్తే అంతే వెయ్యండి. ఇందులో తప్పొప్పులు లేవు,” అంది. పెద్దవాళ్ళు ఎవరైనా సరే, అక్కడి ఆసుపత్రుల్లో అమ్మగారూ నాన్నగారూ అనే పిలుస్తారు. ఆమె రెండునే చుట్టింది. కూతురు చెప్పిందీ నిజమే కావచ్చు. అయినా నేను అడిగింది తల్లిని.

వెన్నెముక వైద్యులకి నేనెందుకు కావలసి వచ్చానంటే కారణం ఉంది. వయసు పైబడ్డవాళ్ళలో నడుం దగ్గర వెన్నుకాలువ ఇరుకై నరాలు నొక్కుకుపోతాయి. కాస్త దూరం నడిస్తే కాళ్ళు లాగేసి, బరువెక్కి, ఆగిపోవాల్సి వస్తుంది. ముందుకు వంగినా కూర్చున్నా ఊరట. ఎంఆర్ఐ తీస్తే ఇరుకెంతో కనబడుతుంది. కానీ ఒకేలాంటి ఇరుకున్న ఇద్దరిలో ఒకరు కొండ ఎక్కి దిగుతుంటే ఇంకొకరు వీధి చివరి దుకాణానికి పోలేరు. బొమ్మకీ బాధకీ ఇంత ఎడం ఎందుకొస్తోంది? 2013లోనే కిమ్ బృందం ఈ జబ్బున్నవాళ్ళ చేత నన్ను నింపించి, మనిషి ఎంత బాధపడుతున్నాడన్న దానితో నా స్కోరుకి సంబంధం ఉందని చూపించింది. తర్వాత ఆపరేషన్ ఫలితాల మీద నొప్పి సున్నితత్వం ప్రభావాన్నీ పరిశీలించారు.

నా స్కోరు ఎక్కువ వచ్చిందని తెలియగానే “ఈయన కొంచెం సున్నితం లెండి” అని రోగి మాట తగ్గించి వినేవాళ్ళుంటే అది నాకు నచ్చదు. నేను వచ్చింది అందుకు కాదు. ఎక్కువ స్కోరున్న మనిషికి సాధారణంగా నొప్పి నిజంగానే ఎక్కువ తెలుస్తుంది. నటన కాదు, పిరికితనం కాదు. నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం, ఐఏఎస్‌పీ, 2020లో నొప్పి నిర్వచనాన్ని సవరించినప్పుడు, ఒక మనిషి నొప్పి అని చెబితే ఆ మాటని గౌరవించాలని దానికి కలిపింది. నా అంకె ఆ మాటకి తోడు నిలవాలి తప్ప దానికి పోటీగా కాదు. తక్కువ స్కోరున్నవాళ్ళ విషయంలో మరీ జాగ్రత్త కావాలి. ఓర్చుకోవడమే నేర్చుకున్న తరం చుట్టే రెండుల వెనక ఎంత బాధ ఉందో నేనొక్కదాన్నే చెప్పలేను. నొప్పి మీది భయం, నొప్పినే తలుచుకుంటూ కుమిలిపోయే గుణం కూడా నా అంకెలో కలుస్తాయి. అందుకే నా పక్కన వాటిని కొలిచే ప్రశ్నావళులు కూడా పెడతారు. వైద్యుడు రోగితో మాట్లాడటం మానేసి నా మీదే ఆధారపడితే నష్టపోయేది రోగే.

నడుం ఆపరేషన్‌కి ముందు ఒకాయన నన్ను నింపాడు. విశ్రాంత బస్సు డ్రైవరు. దాదాపు ప్రతి ప్రశ్నకీ ఏడు, ఎనిమిది. గులాబీ ముల్లుకి కూడా ఆరు. డాక్టరు చూసి, “నాన్నగారూ, మీకు నొప్పి మిగతావాళ్ళకంటే గట్టిగా తెలుస్తుంది. ఆపరేషన్ అయ్యాక మొదటి రోజులు కష్టంగా ఉండొచ్చు. నొప్పి మందులు ఎప్పుడెప్పుడు ఇవ్వాలో ఇప్పుడే అనుకుందాం. నొప్పి మొదలవగానే చెప్పండి, ఓర్చుకుని కూర్చోవద్దు,” అన్నాడు.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఇంట్లో అందరూ నేను ఊరికే మూలుగుతానంటారు,” అన్నాడు.

“ఊరికే కాదు,” అని డాక్టరు నా మీద వేసిన సగటు చూపించాడు.

కొడుక్కి చూపిస్తానని ఆయన నా నకలు ఒకటి అడిగి తీసుకున్నాడు.