శ్రీరాంపూర్‌లో ‘మిన్’ అనడం ఎలా?

ముందు నోట్లోంచి ‘నేను’ను తీసి పక్కన పెట్టండి. ‘బాహుబలి’లో కాలకేయుల భాష కిలికిలో నేను అంటే ‘మిన్’. దాన్ని తిరగేస్తే ‘నిమ్’, అంటే నువ్వు. వ్యాకరణం ఇంతేనా అని సంబరపడకండి. 2015లో వచ్చిన ఆ సినిమా కోసం రచయిత మదన్ కార్కీ దీనికి 750 మాటలు, 40 సూత్రాలు అల్లారు. కాలకేయులు తెర మీద ఉండేది కాసేపే అయినా పద్ధతిగా మాట్లాడాలి కదా! మన తెలంగాణ యాసకు సినిమావాళ్లు ఇన్నేళ్లూ ఒక్క సూత్రమూ అడగలేదు. రౌడీ నోట్లో ‘ఏందిర బై’ పడితే పనైపోయేది.

ఉచ్చారణకు కాలకేయ నాయకుడి వేషం వేసిన ప్రభాకర్‌లా కళ్లురమాలి. ఇంట్లో వద్దు, పిల్లలు జడుసుకుంటారు. ఫస్ట్ షిఫ్ట్ చేసి బొగ్గుబాయి నుంచి పైకొచ్చాక, మొహం కడుక్కోకముందే మొదలుపెడితే వేషం ఖర్చు కూడా మిగులుతుంది. నేరుగా చాయ్ హోటల్‌కు పోయి అడగండి:

“కాకా, మిన్ చాయ్!”

“మినీ లేదు బిడ్డా, ఫుల్లే ఉంది.”

నిరాశపడకుండా ఫుల్లే తాగండి. మస్టర్ దగ్గర పేరు పిలిస్తే ‘మిన్’ అనొచ్చు. నాగా పడితే మాత్రం మమ్మల్ని అడగొద్దు. ఓవర్‌మన్‌ను ‘నిమ్’ అనే ముందు ప్రమోషన్ లిస్టు ఒకసారి చూసుకోండి.

అసలు జాగ్రత్త ఇప్పుడు చెప్తా. ఈ సాధనలో ఉండగా ఉట్నూరు వైపు బస్సెక్కకండి. అక్కడ మాట్లాడే గోండిలో నేను అంటే ‘నన్న’, నువ్వు అంటే ‘నిమ్మ’. మీరు చెమటోడ్చి నేర్చుకున్న మాటకు అంత దగ్గరి మాట అక్కడి చంటిపిల్లలకు ఊరికే వస్తుంటే మనసు చివుక్కుమంటుంది. (కార్కీ అక్కణ్నుంచి తెచ్చారని కాదు. కన్నడంలోనూ ‘నిమ్మ’ ఉంది, ‘మీ’ అనే అర్థంలో.) ఇంకా ముందుకు పోతే నార్నూరు మండలం గుంజాల వస్తుంది. గోండి లిపిలో పాత రాతప్రతులు బయటపడ్డ ఊరది. ఆ లిపి 2018లో యూనికోడ్‌కెక్కింది. 2011 జనాభా లెక్కల్లో ఈ భాషను రాయించుకున్నవాళ్లు దేశమంతా కలిపి దాదాపు 30 లక్షలు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో చోటు మాత్రం లేదు. మీకెందుకు? అది నేర్చుకుంటే ఈలలు పడవు, రీల్స్ ఆడవు.

కిలికికైతే వెబ్‌సైటే ఉంది. 2020 ఫిబ్రవరి 21న, అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం నాడు, ‘బాహుబలి’ దర్శకుడు రాజమౌళి చేతుల మీదుగా మొదలైంది. ఇంతకీ ఎవరి మాతృభాష అని ఎవరన్నా నిలదీస్తే ‘మిన్’ అనాలో ‘నిమ్’ అనాలో ఆ నలభై సూత్రాల్లోనే వెతుక్కోండి.