చెరువును కుళ్లబెట్టి మందు గుప్పిస్తే ఎలారా?

ఏరా అబ్బాయ్, కుళాయి తిప్పగానే గుప్పుమనే ఆ మందు వాసన నీకు శుభ్రంలా అనిపిస్తుంది కాబోలు. మా రోజుల్లో మంచినీళ్లకు వాసనే ఉండేది కాదు, ఉంటే కొత్తకుండ వాసన. మంచినీళ్ల చెరువులోకి గొడ్డును దింపితే ఊరు ఊరంతా మీదపడేది. వానాకాలం నీళ్లు ఎర్రగా వస్తే మా అమ్మ ఇండుపగింజ అరగదీసి బిందెలో కలిపేది. తెల్లారేసరికి మడ్డంతా అడుక్కి దిగి పైన తేటనీరు. ఆ ఓపిక మీకెక్కడిది?

ఇప్పుడు చెరువునిండా గుర్రపుడెక్క, కుళ్లిన ఆకులు, పైనుంచి మురుగు. అన్నిటికీ ఒకటే మందు: ట్యాంకులో బ్లీచింగ్ పౌడరు, అదీ చేతికొచ్చినంత. కుళ్లిన ఆకుల సారంతో క్లోరిన్ కలిస్తే ఏం పుడుతుందో తెలుసా? క్లోరోఫాం! ఒకప్పుడు ఆపరేషన్లకు మత్తిచ్చిన క్లోరోఫామే. దాని తోబుట్టువులనూ కలిపి ట్రైహాలోమీథేన్లంటారు. 1974లో హాలండులోని రాటర్‌డాంలో రూక్ అనే రసాయనవేత్త ఈ సంగతి బయటపెట్టాడు. ఏళ్ల తరబడి ఇవి ఎక్కువున్న నీళ్లు తాగేవాళ్లలో మూత్రాశయ క్యాన్సర్ కాస్త ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. అమెరికావాళ్లు 1979లోనే లీటరుకు 100 మైక్రోగ్రాములని గీత గీశారు, తర్వాత దాన్ని 80కి దించారు.

తాగడమే కాదురా. తలుపులు బిగించి, గీజరు నీళ్లు అరగంట పోసుకుంటారే, ఆ ఆవిరితో క్లోరోఫాం ఊపిరితిత్తుల్లోకీ పోతుంది. మేం పెరట్లో కాగు కింద పుల్లలు ఎగదోసి, ఆకాశం కింద స్నానం చేసినవాళ్లం.

అలాగని క్లోరిన్ మానేయమంటానా? ఆ మాట నా నోట రాదు. అంత తేటగా ఉన్న మా చెరువు నీళ్లలోనే కలరా ఉండేది. ఇళ్లకిళ్లు ఖాళీ అయ్యేవని మా నాయనమ్మ చెప్పేది. దిగుడుబావుల నీళ్లు తాగి నారికురుపుతో మంచానపడ్డవాళ్లెందరో. ఈ ఉపఉత్పత్తులకు భయపడి క్రిములను చంపడం మానొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ గట్టిగానే చెప్పింది. వాళ్లన్నదే సరి.

నా గోలంతా వరస గురించి. ముందు పటికవేసి మడ్డి దించాలి, ఇసుకలో వడగట్టాలి, ఆఖరున కొలిచి క్లోరిన్ కలపాలి. మన ప్రమాణాల ప్రకారం కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. దానికి కొలత కావాలి గానీ గుప్పిళ్లు కాదు. ముందరి పని ఎగ్గొట్టి చివరి పని రెట్టింపు చేస్తామంటే ఎలా? ఫోను పక్కనపెట్టి పంచాయతీ ఆఫీసుకు పో. ట్యాంకు ఎప్పుడు కడిగారో, క్లోరిన్ ఎవరు కొలుస్తున్నారో, చెరువులో డెక్క ఎప్పుడు తీయిస్తారో అడిగి రా.