మహారాజశ్రీ జీపు టాపు గారికి

మహారాజశ్రీ జీపు గుడ్డ టాపు గారి దివ్య సముఖమునకు, కైకలూరు చేపల రైతు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అనడం మర్యాద. కాని తమరి క్షేమం నేను రోజూ చూస్తూనే ఉన్నాను, నా క్షేమం తమరు ఏనాడూ అడిగిన పాపాన పోలేదు. కనుక ఆ ముక్క వదిలేస్తున్నాను.

తమది పెద్ద వంశమని ఎరుగుదును. రెండో ప్రపంచ యుద్ధంలో తమ తాతలు విల్లీస్ జీపులెక్కి ఊరేగారు. 1947లో మహీంద్రా వారు ఆ జీపుల్ని బొంబాయిలో బిగించడం మొదలుపెట్టాక తమ బంధుగణం పోలీసు స్టేషన్లకూ, ఇరిగేషన్ బంగళాలకూ, తిరిగి తిరిగి మా కొల్లేటి గట్లకూ చేరింది. ఆ గౌరవం కొద్దీ ఇంతకాలం ఊరుకున్నాను.

మా డెల్టాలో టాపు దించుకుని తిరగగలిగే రోజులెన్నో తమరికి తెలియనిది కాదు. మేలో 45 డిగ్రీల ఎండ నెత్తిమీద పెట్టుకుని ఎవరూ షికారు వెళ్ళరు. ఆ తర్వాత వానలు, వానల వెనక తుఫాన్లు. మిగిలేవి డిసెంబరు, జనవరి. మిషిగన్‌లో ఉన్న మా మేనల్లుడు చెబుతుంటాడు, అక్కడ చలి మొదలవగానే గుడ్డ టాపు కార్లని షెడ్డులో పెట్టి దుప్పటి కప్పేస్తారట. మా సంగతి దానికి తలకిందులు. పొద్దెక్కి మంచు విడిపోయాక, అటపాక మీదుగా గూడబాతులు బారులు తీరి పోతుంటే (అవి మా చెరువుల్లో చేపలే తింటాయి, అయినా చూడ్డానికి బాగుంటాయి), మాగాణిలో మినుము పచ్చగా పరుచుకుని ఉంటే, అప్పుడు టాపు దించాలి. ఏడాది పొడుగునా తమరిని మోసేది ఆ గంటన్నర కోసం!

ఆ గంటన్నరకే తమరు మొరాయిస్తారు. రాత్రి కురిసిన మంచుకి తడిసి ముద్దయి ఉంటారు. తడి మీద మడిస్తే బూజు పడతారు, ఆరబెడదామంటే మధ్యాహ్నం దాకా ఆరరు. ఈలోగా గూడబాతుల భోజనాలు కూడా అయిపోతాయి.

సరే, షికారు పోయినా పనన్నా జరగాలి కదా. చేపల చెరువుకి తెల్లారగట్లే గండం. రాత్రంతా నాచూ చేపలూ కలిసి నీళ్ళలోని ప్రాణవాయువు వాడేస్తాయి, పొద్దు పొడిచే ముందు మిగిలేది బహు స్వల్పం. చేపలు తేలాయని కబురొస్తే గుడి మైకులో తిరుప్పావై మొదలవకముందే గట్టు మీద ఉండాలి. మంకీ క్యాపు, మఫ్లరు, దానిమీద శాలువ చుట్టుకుని బయల్దేరతాను. చలి సంగతి చెప్పనక్కర్లేదు, పక్క పరదాల సందుల్లోంచి సరాసరి చెవుల్లోకే వస్తుంది. అదీ భరిస్తాను. భరించలేనిది తమరు లోపలినుంచి కురవడం.

మబ్బు లేని రాత్రి ఆకాశం కేసి ఉన్న వస్తువు వేడి వదిలేసి గాలికన్నా చల్లబడుతుందనీ, పలచటి గుడ్డ అందరికన్నా ముందు చల్లబడుతుందనీ చదువుకున్నవాళ్ళు చెబితే విన్నాను. పైన మంచు అందుకే పడుతుంది, ఒప్పుకున్నాను. మరి లోపల? నేను వదిలిన ఊపిరి, నా శాలువ తడి, చెరువు మీది చెమ్మ అన్నీ తమ కడుపున చేర్చుకుని, ముదినేపల్లి దాటాక చుక్కచుక్కగా నా మెడలోనే ఎందుకు వదులుతారు? నా ఊపిరి నాకే తిరిగిస్తున్నానంటారా? మహా న్యాయం!

తమ ప్లాస్టిక్ కిటికీల గురించి చెప్పకపోతే వాటికి అన్యాయం జరుగుతుంది. కొన్నప్పుడు గాజులా ఉన్నవి ఇప్పుడు ఆవకాయ నూనె పూసినట్టున్నాయి. చలికి గట్టిపడి, చుట్టబోతే ఫట్టున చీలుతున్నాయి. ఉయ్యూరు దగ్గర వెనక దీపం లేని చెరకు ట్రాక్టర్లు మంచులో నిలబడి ఉంటాయి. ముందద్దం మీద పొగాకు రుద్ది ఎలాగో నెట్టుకొస్తాను గాని, పక్కనా వెనకా ఏముందో తలుపు తీసి తల బయటపెట్టి చూసుకోవలసిందే. అంత పనికి తమరెందుకు?

చేసిన మేలు చెప్పుకోకూడదంటారు. చెప్పుకుంటాను. బెజవాడ ఆటోనగర్ తీసుకుపోయి తమకు కొత్త రెగ్జిన్ కుట్టించింది ఎవరు? జిప్పులు నడవాలని కొవ్వొత్తి రుద్దింది ఎవరు? కుప్పనూర్పుళ్ళప్పుడు ఎలుకలు కొరక్కుండా రాత్రిళ్ళు కాపలా పడుకున్నదెవరు? దానికి తమరు చేసిన ప్రత్యుపకారం, గుడివాడ పెళ్ళికి వెళుతుంటే మా ఆవిడ పట్టుచీర మీద నాలుగు చుక్కలు. ఆవిడ తమరిని ఏమీ అనలేదు. అన్నవన్నీ నన్నే.

చివరిగా ఒక లోకవార్త మనవి చేస్తాను. 2020లో వచ్చిన మహీంద్రా థార్‌లో గుడ్డ టాపూ గట్టి టాపూ రెండూ ఉండేవి, కోరుకున్నవాళ్ళకి కోరుకున్నది. 2024లో అయిదు తలుపుల రాక్స్ వచ్చేసరికి గుడ్డ టాపు ఊసే లేదు. తమవాళ్ళని పక్కన పెట్టడం మొదలైందన్నమాట. ఆటోనగర్‌లో ఫైబరు టాపులు బిగించేవాళ్ళు వీధికొకరున్నారు. కనుమ వెళ్ళాక నేనూ ఒకసారి అటు వెళ్ళొద్దామనుకుంటున్నాను, ఊరికే ధర కనుక్కోవడానికి.

ఇట్లు,
తమ విధేయుడు,
కైకలూరు.

తా.క.: ఎల్లుండి రాత్రి బొచ్చెల లోడు ఎత్తుతున్నాము. రెండింటికల్లా గట్టు మీద ఉండాలి. వెనక పరదాకి కుడివైపు గుండీలు ఆ ఒక్క రాత్రికైనా ఊడకుండా చూడవలసిందిగా ప్రార్థన. ఎడమవైపువి ఎలాగూ లేవు.