వెనక సీటులో బ్రేకు పండితులు

హైదరాబాదులో ఈమధ్య బ్రేకు పండితులు బాగా పెరిగారు. పెళ్ళి విందుల్లో, గృహప్రవేశాల్లో, పొద్దున్నే పార్కుల్లో ఎక్కడ నలుగురు కోటీశ్వరులు కలిసినా అదే మీమాంస. పెట్రోలు బండికి పెడల్ వెన్నలా దిగుతుందట. డీజిలుకు మొదట కాస్త ఖాళీగా పోయి తర్వాత పట్టుకుంటుందట. ఆరు సిలిండర్ల బండిలో అయితే గేరు ఎప్పుడు మారిందో దేవుడికి కూడా తెలియదట. ఇంత సూక్ష్మంగా విశ్లేషించే పెద్దమనుషుల్లో చాలామంది ఆ కారెక్కేది మాత్రం వెనక ఎడమ తలుపులోంచి. వంటింటి గడప తొక్కని మామగారు పోపులో ఆవాలు చిటపటలాడిన తీరు మీద తీర్పు చెప్పినట్టుంటుంది వ్యవహారం.

ఈ సంగతి కార్ల కంపెనీలు ఎప్పుడో కనిపెట్టాయి. మెర్సిడెస్ వాళ్ళు 2017లో ఈ-క్లాస్‌ను సాగదీసి మన దేశంలో దించారు. కుడిచేతి స్టీరింగుతో ఆ పొడుగు బండి అమ్మిన మొదటి దేశం మనదే. బీఎండబ్ల్యూ 5 సిరీస్ కూడా 2024లో ఒళ్ళు పొడుగు చేసుకునే మన గడప తొక్కింది. పెరిగిన ఆ పొడుగంతా ఎటు పోయిందయ్యా అంటే వెనక కూర్చునే దొరగారి మోకాళ్ళకు. బ్రేకు పెడల్ దగ్గర అంగుళం కూడా పెరగలేదు. జర్మనీ ఇంజనీరుకు తెలిసిన రహస్యం జూబ్లీహిల్స్ పండితుడికి తెలియకపోవడమే వింత.

సరే, శాస్త్రం మాట్లాడదాం అంటారా? మాట్లాడదాం. 2024లో వచ్చిన ఈ-క్లాస్‌లో మూడు ఇంజన్లు. ఈ200 పెట్రోలు 320 న్యూటన్ మీటర్ల టార్కు ఇస్తుంది, ఈ220డి డీజిలు 440 ఇస్తుంది. పైనున్న ఈ450 మూడు లీటర్ల ఆరు సిలిండర్ల పెట్రోలు, 500 ఇస్తుంది. మూడింటికీ గేర్‌బాక్స్ మాత్రం తొమ్మిది గేర్ల ఆటోమేటిక్కే. మరి ఒక బండిలో గేరు మెత్తగా, ఇంకోదానిలో కాస్త మొరటుగా పడ్డట్టు ఎందుకనిపిస్తుంది? డీజిలుకు తక్కువ వేగంలోనే బలం ఉంటుంది కనుక మాటిమాటికీ కింది గేరుకు దిగక్కర్లేదు. నాలుగు సిలిండర్ల పెట్రోలు మీద కాలు గట్టిగా వేస్తే గేర్లు దిగి, కేకేసి, అప్పుడు లాగుతుంది. వరసగా పేర్చిన ఆరు సిలిండర్లలో ఒకదాని కుదుపును ఇంకొకటి రద్దు చేసుకుంటుంది. గేర్‌బాక్స్‌కు వేసే వీరతాడులో సగం ఇంజనుకు చెందాలన్నమాట. 

గేర్‌బాక్సే వేరైతే కథ వేరు. మన దగ్గర 2019లో దిగిన ఆడీ ఏ6లో రెండు లీటర్ల పెట్రోలుకు జంట క్లచ్చుల ఏడు గేర్ల పెట్టె జోడించారు. యూరప్‌లో అదే ఏ6 కొని ఆరు సిలిండర్ల డీజిలు ఎంచుకున్నవాడికి టార్క్ కన్వర్టరున్న ఎనిమిది గేర్ల పెట్టె దొరికింది. టార్క్ కన్వర్టర్ నూనె ద్వారా బలాన్ని అందిస్తుంది కనుక నత్తనడక ట్రాఫిక్‌లో కుదుపును మింగేస్తుంది. జంట క్లచ్చులు హైవే మీద చిటికెలో గేరు మారుస్తాయి గానీ పాకుతూ పోయేచోట పట్టీ పట్టనట్టు జారుతూ ఒక్కోసారి బండిని తోస్తాయి. అమీర్‌పేటలో సాయంత్రం ఆరింటికి ఏది సుఖమో చెప్పడానికి పండితుడక్కర్లేదు.

బ్రేకు సంగతీ అంతే. ఇప్పటి మైల్డ్ హైబ్రిడ్ బండ్లలో వేగం తగ్గేటప్పుడు కొంత పని మోటారు చేస్తుంది, ఆ శక్తిని బ్యాటరీకి పంపుతుంది. బండి ఆగబోయే ముందు మోటారు తప్పుకుంటే ప్యాడ్లు అందుకుంటాయి. ఆ చేతులు మారే క్షణం కుదిరితే మెత్తన, కుదరకపోతే సారుగారి తల సలాం కొడుతుంది. ఈ విద్యలో జర్మన్లకూ దెబ్బలు తగిలాయి. 2002 ఈ-క్లాస్‌లో మెర్సిడెస్ పెడల్‌కూ చక్రానికీ మధ్య ఎలక్ట్రానిక్స్ పెట్టింది. 2004లో ఆ బ్రేకుల కోసమే 6,80,000 కార్లను వెనక్కి పిలిచింది. 2006లో ఈ-క్లాస్ నుంచి ఆ వ్యవస్థనే తీసేసింది. కనిపెట్టినవాళ్ళే వెనక్కి తగ్గిన విషయం మీద మన పండితులు మాత్రం బిర్యానీ చల్లారేలోగా తీర్పు చెప్పేస్తారు.

ఇక తొమ్మిదో గేరు గురించి. 2013లో మెర్సిడెస్ ఈ గేర్‌బాక్స్ తెచ్చినప్పుడు, తొమ్మిదో గేరులో గంటకు 120 కిలోమీటర్ల వేగంతో పోతున్నా ఇంజను నిమిషానికి 1,350 సార్లే తిరుగుతుందని కంపెనీ గొప్పగా చెప్పుకుంది. మన ఔటర్ రింగ్ రోడ్డు మీద గరిష్ఠ వేగాన్ని 120కి పెంచింది 2023లో. అంటే ఔటర్ ఎక్కేదాకా ఆ గేరు నిరుద్యోగే. ఊళ్ళో ఉన్నంతసేపూ చాకిరీ అంతా కింది గేర్లదే, వాటిని ఎవరూ పొగడరు. ఆ ఊళ్ళోనే అడుగడుగునా ఎదురయ్యే స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ రాసిపెట్టింది. మన కాలనీ సంఘం దాన్ని రాత్రికి రాత్రి రెండు బస్తాల సిమెంటుతో కట్టేస్తుంది. దాని మీద ఏ ఇంజనైనా ఒక్కటే, అందరి నడుముకూ సమన్యాయం.

అయినా సారుగారి ప్రయాణం మెత్తగానే సాగుతుంది. ఎందుకంటే బండి నిలబడబోయే చివరి క్షణంలో డ్రైవరు పెడల్ మీద బరువు కాస్త వదులుతాడు. గుంత ఎక్కడుందో అతనికి కంఠతా వచ్చు. ముందు ఆటోవాడు ఎటు తిరుగుతాడో ఆటోవాడికంటే ముందే తెలుసు. సారు మాత్రం "జర్మన్ ఇంజనీరింగ్ అంటే ఇదీ" అని మురిసిపోతాడు. సొమ్మొకడిది, సోకొకడిది అంటారు కదా, ఇక్కడ సొమ్ము సారుది, ప్రతిభ డ్రైవరుది, పేరు జర్మనీది.

కొనేరోజు చూడండి. షోరూమ్ వెనక ఖాళీ రోడ్డు మీద రెండు కిలోమీటర్లు సారే నడుపుతాడు. పక్కన సేల్స్ కుర్రాడు ప్రతి మలుపుకూ ఆహా అంటాడు. ఏళ్ళ తరబడి ఆ బండితో కాపురం చేయాల్సిన డ్రైవరు పాత కారు పక్కన ఎండలో నిలబడి ఉంటాడు. కొత్త బండి ఇంటికొచ్చాక అప్పుడు అడుగుతారు, "ఎలా ఉందయ్యా బండి?" అని. "సూపరుంది సార్" అంటాడు. డెబ్బై ఎనభై లక్షలు పోశాక ఇంకే జవాబుకైనా ఉద్యోగానికి గ్యారంటీ లేదని అతనికి తెలుసు. ఏసీ సీట్ల బండిని అప్పగించి, తాను మీటింగులో ఉన్నంతసేపూ ఏసీ ఆపేయమని చెప్పే ఆసామి దగ్గర అంతకంటే ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది?

అసలు విడ్డూరం ఇంకొకటుంది. బ్రేకు ఎంత మెత్తగా పడుతుందో గంటసేపు చెప్పే మనిషి వెనక సీటులో బెల్టు పెట్టుకోడు. చొక్కా నలుగుతుందట. వెనక కూర్చున్నవాళ్ళకూ బెల్టు తప్పనిసరి, లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. 2022 సెప్టెంబరు 4న పాల్ఘర్ దగ్గర ప్రమాదంలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ పోయారు. ఆయన వెనక సీటులో బెల్టు లేకుండా కూర్చున్నారని పోలీసులు చెప్పారు. ఖరీదైన కారే, మంచి బ్రేకులే. బ్రేకు బండిని ఆపుతుంది. బెల్టు లేని మనిషి మాత్రం బండి ఆగినా అదే వేగంతో ముందుకు పోతాడు. పెట్రోలైనా డీజిలైనా ఈ సూత్రంలో తేడా లేదు.

కాబట్టి అయ్యలారా, ఈసారి షోరూముకు వెళ్ళినప్పుడు తాళం డ్రైవరు చేతిలో పెట్టండి. ఊరి నడిమధ్యకు, ట్రాఫిక్‌లోకి తోలమనండి. మీరు వెనక కూర్చుని బెల్టు పెట్టుకుని నోరు మూసుకోండి. ఏ ఇంజను మెత్తనో, ఏ బ్రేకు నమ్మదగిందో అతనే చెబుతాడు. నిజం చెప్పినందుకు ఉద్యోగం పోదని ముందు మీరు మాటివ్వాలి, అంతే.