ఈల సారుకు ఫౌల్ ఎవరేస్తారు?

మెదక్‌లోనైనా మాడ్రిడ్‌లోనైనా బాస్కెట్‌బాల్‌లో కాలేజీ పిల్లగాడు అయిదు ఫౌళ్లు చేస్తే కోర్టు దిగాల్సిందే. ఈల పట్టుకున్న సారు ఎన్ని చేసినా ఈల ఆయన మెడలోనే ఉంటుంది. ఓడినోళ్లు నిలదీస్తే, "ఆటన్నంక పొరపాట్లు కావా బిడ్డా!"

అమెరికా ఎన్‌బీఏ లీగ్ కొంత నయం. హోరాహోరీ మ్యాచ్‌ల చివరి రెండు నిమిషాల్లో రిఫరీలు చేసిన తప్పులను 2015 నుంచి మర్నాడే బయటపెడుతోంది. స్కోరు మాత్రం మారదు (పెండ్లయినంక జాతకం చూపెట్టినట్టు).

క్రికెట్ సంగతి చూడండి: 2008 సిడ్నీ టెస్టులో తప్పుడు నిర్ణయాలపై మనోళ్లు భగ్గుమంటే, అంపైర్ బక్నర్‌ను పెర్త్ టెస్టు నుంచి తప్పించారు. అప్పుడు మనోళ్ల వెనక బీసీసీఐ ఉంది. మెదక్ పిల్లల వెనక పీఈటీ సారొక్కరే! నిర్వాహకులారా, రిఫరీపై ఫిర్యాదు రాయడానికి కనీసం ఓ రిజిస్టరన్నా పెట్టండి.