పదునేడవ దానము

మన ప్రాచీన శాస్త్రకారులు తులాపురుషము మొదలుకొని మహాభూతఘటము వరకు షోడశ మహాదానములను వర్ణించి, ఏ దానమునకు ఎంత బంగారము కావలయునో, ప్రతిగ్రహీత యెట్టివాడై యుండవలయునో సూక్ష్మాతిసూక్ష్మముగా నిర్ణయించిరి. 13వ శతాబ్దమున హేమాద్రి పండితుడు తన ఉద్గ్రంథమున దానఖండమని ప్రత్యేకముగా నొక భాగమునే రచించెను. అయినను, వారిలో ఒక్కరికైనను మా వదినగారివంటి వదినగారు లేకపోవుటచేత గాబోలు, క్రోషా దానమను పదునేడవదానిని మాత్రము విస్మరించిరి. ఆ దానమునకు బంగారముతో పనిలేదు. నూలుండ యొకటి, కొక్కెపుసూది యొకటి, ఎదిరింపజాలని స్నేహితులు కొందరు ఉన్నచో చాలును.

మా వదినగారి పుట్టినిల్లు నరసాపురము చేరువనున్న పల్లె. 19వ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు నేర్పిన లేసు అల్లిక ఆ ప్రాంతమున ఇంటింటి విద్యయై, సముద్రములు దాటి ఎగుమతి యగుచు, 2024లో భౌగోళిక గుర్తింపును గూడ పొందినది. అచ్చటి స్త్రీలు వేలకొలది దానిని కూలికి అల్లుదురు; మా వదినగారు కూలి లేకుండ అల్లుదురు; తంటా యంతయు ఆ భేదమునందే కలదు. కూలికి అల్లువారికి ఇంత కొలత, ఇంత గడువు అని యుండును. గడువు దాటినచో గద్దించు వర్తకుడుండును. వదినగారిని గద్దింపగలవాడు ఇంకను పుట్టలేదు. కావుననే ఆప్తురాలి కూతురి సీమంతమునాడు శ్రీకారము చుట్టిన ఉన్ని స్వెటరు, ఆ బిడ్డ అక్షరాభ్యాసమునాటికి గాని సిద్ధము కాదు. పలకా బలపము పట్టుకొని కూర్చున్న ఆ పిల్లవానికి దానిని తొడుగబోగా అది మోచేతికడనే నిలిచిపోయినప్పుడు, “పోనీలెండి, రెండోవాడు పుడతాడుగా!” అని తల్లిదండ్రుల యెదుటనే అనుటకు ఆమె సందేహింపరు. ఇది జరుగు ఊరు ఏలూరు. రోహిణీకార్తెలో రోళ్ళు పగులు చోట ఉన్ని స్వెటరు ఎందులకని అడుగువారు వదినగారిని ఎఱుగనివారు.

స్నేహితురాండ్ర ఇండ్లకు పోయినప్పుడు, ఎడమచేత కాఫీగ్లాసు పట్టుకొని, కుశలప్రశ్నలు ఎక్కడను తెగకుండ సాగించుచునే, కుడిచేతి జానతో టీవీ నిడివిని, వెడల్పును, లోతును కొలుచుకొని వచ్చుట ఆమెకు చిరకాలపు అలవాటు. మనుష్యుడు దిగంబరుడై తిరిగినను వేదాంతియేమోయని సమాధానపడుదురు గాని, బల్లమీద టీవీ బట్టలేక కూర్చుండుటను వదినగారు సహింపజాలరు. కాలక్రమమున టీవీలు పలుచబడి, గోడలకంటుకొని, పైన గుడ్డ పరచుటకు అంగుళమైనను చోటు మిగుల్పకపోగా, ఆ దినములలో మా అన్నగారింట అలముకొనిన విషాదము వర్ణనాతీతము. కాని ప్రతిభావంతులను విజ్ఞానశాస్త్రము ఎంతకాలము అణచియుంచగలదు? అనతికాలముననే ఆ ముసుగులన్నియు మిక్సీలకు కంచుకములుగను, ఫ్రిజ్జు పిడులకు తొడుగులుగను మాఱిపోయినవి. వానిలో నొకటి గ్యాసుబండకు పావడయై వెలసియుండగా నేను కన్నులార చూచితిని.

ముడిసరుకు సంగతి వేఱు. “పనికొస్తుంది, పారెయ్యకండి” అనునది ఆమెకు తారకమంత్రము. శుభలేఖలమీది వినాయకులు, విరిగిన గాజులు, హార్లిక్సు సీసాలు, కొబ్బరిచిప్పలు, చీరలు పెట్టియిచ్చిన అట్టపెట్టెలు, రాలిన పూసలు, తెగిన గజ్జెలు అన్నియు మా అన్నగారి బీరువాలో ఒక్కొక్క అరయే ఆక్రమించుకొనుచు వచ్చి, ఆయన చొక్కాలను తలుపువెనుక చిలకకొయ్యకు తరలించినవి. అన్నగారు సాత్వికులు. తమ పట్టుపంచెకు ఉండవలసిన జరీయంచు ఒకానొక స్నేహితురాలి చేతిసంచికి అమరి వీధిలో ఎదురుపడగా, తక్షణమే గుర్తించియు, ఆ తల్లికి నమస్కరించి తొలగిపోయిరి.

తాము స్వయముగా చేయజాలని వస్తువులను వదినగారు దుకాణములలో కొనరు. చేసినవారి గుమ్మముకడకే పోయి, చేసిన చేతిని చూచి తెచ్చినదానికే కానుక యగు యోగ్యత కలదని ఆమె సిద్ధాంతము. ఈ యాత్రలలో సంచి మోయు ఉద్యోగము, అన్నగారు రాజీనామా ఇచ్చిన పిదప, నాకు సంక్రమించినది. వరాహనది యొడ్డున గల ఏటికొప్పాకలో అంకుడు కొయ్యను లేతుమీద త్రిప్పుచు దానికి లక్కను అదుముదురనియు, ఆ రాపిడి వేడిమికే లక్క కరగి కొయ్యకు పట్టుననియు, పిమ్మట మొగలి ఆకుతో మెఱుగు పెట్టుదురనియు, పసుపును నీలిని జాఫ్రా గింజలను రంగులకు వాడుదురనియు నాకు తెలియుటకు కారణము, ఆమె ఒక పనివానిని పూట పొడుగునను విచారణ చేయుటయే. కుంకుమభరిణె నొకదానిని చేతబట్టి, గోటితో గీచి, వాసన చూచి, చెవికడ నుంచుకొని మూత త్రిప్పి, “ఇది మీరు చేసిందేనా బాబూ, మీ అబ్బాయి చేసిందా?” అని ప్రశ్నించిరి. “మావాడేనమ్మా” అని అతడనగా, “అదీ! కుర్రచెయ్యి, అందుకే మూత బిగిసిపోయింది” అని తీర్పు చెప్పి, తండ్రి చేసిన భరిణెలన్నియు ఏరుకొనిరి. మేము వెడలునప్పుడు ఆ కుఱ్ఱవాని మొగము చిన్నబోవుట చూచి, వెనుకకు పోయి, ఆ బిగిసిన మూత భరిణెను గూడ కొని, నా సంచిలో పడవైచిరి. అది ఇప్పటికిని ఆమెయొద్దనే కలదు. మూత మాత్రము రాదు.

కొండపల్లి యాత్ర మఱింత చరిత్రాత్మకము. తెల్లపొణికి కొయ్యతో అవయవములు వేఱువేఱుగ చెక్కి, చింతగింజల పొడియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అతికి, సున్నము పూసి రంగులు వేసెడు ఆ వీధిలో, వదినగారికి దశావతారముల జట్టు కనబడినది. ఆమె స్నేహితురాండ్రు పదుగురు; అవతారములును పది. లెక్క సరిపోయినదని సంతసించి, ఇంటికి వచ్చి ఒక్కొక్కరికి ఒక్కొక్క అవతారమును పంచిపెట్టిరి. రాముడు వచ్చినావిడయు కృష్ణుడు వచ్చినావిడయు సంతోషించిరి. పరశురాముడు ఒక లెక్కల టీచరుగారికి పోయెను. ఆమెయొద్ద చదువుకొన్నవారెవ్వరును అది అనుచితమనలేదు. ఎక్కడికి పిలిచినను విస్తళ్ళు ఎత్తు వేళకు వచ్చు ఒకావిడకు కూర్మము దక్కినది. ఆమె దాని భావమును గూర్చి ఇంకను ఆలోచించుచున్నారు. చిక్కంతయు వరాహముతో వచ్చినది. “నన్ను చూస్తే నీకు ఇదేనా గుర్తొచ్చింది?” అని బ్యాంకులో పనిచేయు స్నేహితురాలు బొమ్మను తిరిగి తెచ్చి మా వదినగారి యెదుట పెట్టి కన్నెఱ్ఱజేసిరి. వదినగారు అల్లిక ఆపకయే, “భూదేవిని కోరమీద ఎత్తి నిలబెట్టినవాడే ఆయన! మీ అత్తగారు మంచాన పడ్డ దగ్గర్నుంచీ ఆ ఇల్లంతా నువ్వొక్కదానివే ఎత్తి నిలబెట్టలేదూ?” అనిరి. ఆమె మాటలాడక బొమ్మను కొంగున చుట్టుకొని వెడలిపోయిరి. ఇప్పుడది వారి దేవునిగూటిలో కలదు. ఈ సమాధానము ముందుగా ఆలోచించినదో, అప్పటికప్పుడు అల్లినదో నేను అడుగలేదు. అడిగినను ఆమె చెప్పరు.

ఇంతటి దాత్రియే తనిఖీ అధికారియు నగుట మా దౌర్భాగ్యము. ఇచ్చిన వస్తువు ఏ గూట, ఏ మేకున, ఏ స్థితిలో ఉన్నదో ఆమె జ్ఞాపకములో లిఖితమైయుండును. “ఏం మరిదిగారూ, గుమ్మానికి నా తోరణం కనబడదే?” అని గడపలోనే నిలదీయుదురు. “ఉతకడానికి వేశామండీ వదినా” అన్నచో, “పూసల తోరణం ఉతుకుతారా?” అని రెండవ ప్రశ్న సిద్ధము. అందుచేత మా యింట అన్నగారినుండి ఫోను రాగానే అటకమీది మూట దింపి, తోరణము గుమ్మమునకు, గుడ్డచిలుక కిటికీకి, గవ్వల నెమలి గోడకు ఎక్కించుటలో మా పిల్లలు మిక్కిలి నైపుణ్యము సంపాదించినారు.

అయినను, కళ్ళజోడు ఎక్కడ పెట్టితినో యని దినమంతయు వెదకుకొను ఒక ముసలి స్నేహితురాలికి, సంచి కదిలిన చప్పుడగునట్లు గజ్జెలు కుట్టిన కళ్ళజోడు సంచి ఈమెగాక మఱెవరు చేసియిత్తురు? ఏ దుకాణమున అమ్ముదురు? ఆ గజ్జెలు అన్నగారి బీరువాలోనివే.

ఇటీవల ఉద్యోగవిరమణ చేసిన ఆ లెక్కల టీచరుగారు, ఇంతకాలము పుచ్చుకొనుటయే గాని ఇచ్చుట లేకపోయెనని నొచ్చుకొని, తామే క్రోషా నేర్చి, బల్లమీద పరచు గుండ్రని గుడ్డ నొకదానిని అల్లి తెచ్చిరి. గుండ్రమని వారే చెప్పిరి. దానికెన్ని కోణములున్నవో గణితము బోధించిన వారికే అంతుపట్టలేదు. వదినగారు దానిని కన్నులకద్దుకొని, మెచ్చుకొని, ఆమెను వీధిచివరివరకు సాగనంపి వచ్చి, ఆ రాత్రియే మొదటినుండి తుదివరకు విప్పి, ఆ నూలుతోనే, ఆ రంగుల వరుసతోనే తిరిగి అల్లిరి. ఒక్క మూల మాత్రము వంకరగా విడిచిరి. ఎందుకని అడుగగా, “తనదని గుర్తుపట్టొద్దూ?” అనిరి. మఱుసారి వచ్చినప్పుడు టీచరుగారు దానిని చూచి నిశ్చేష్టులై, “నేనింత బాగా అల్లానా!” అనుకొని, అది మొదలు సూది క్రింద పెట్టుట మానిరి. మొన్న మా యింటికి వచ్చి, కాఫీ త్రాగుచు, మా పిల్లల మార్కులను గూర్చి ప్రశ్నించుచునే, మెల్లగా లేచి మా ఇన్వర్టరును జానతో కొలుచుకొని వెడలిరి.