బోర్డుల శాఖ వారికి ఒక విన్నపం

గౌరవనీయులైన బోర్డుల శాఖ కమిషనర్ గారికి నమస్కరించి వ్రాయు బహిరంగ లేఖ.

అయ్యా,

అలాంటి శాఖే లేదని ఎవరైనా అనొచ్చు. కానీ మేడ్చల్ చెక్‌పోస్టు నుంచి శామీర్‌పేట చెరువు దాకా గోడకో, స్తంభానికో, వేపచెట్టుకో ఒక ఆజ్ఞ వేలాడుతోందంటే, ఎక్కడో ఒక పెద్దమనిషి కూర్చుని రాయిస్తున్నట్టే కదా. ఆ పెద్దమనిషి తమరేనని నమ్మి రాస్తున్నాను.

నాకు తమ రాతలంటే పిచ్చి. కనబడ్డ బోర్డునల్లా ఫోన్‌లో ఫొటో తీస్తాను. ప్లాటు కొనేవాడిననుకుని బ్రోకర్లు పలకరిస్తారు. సర్వేకొచ్చానేమోనని ఇళ్లవాళ్లు గేటు వేసుకుంటారు. పంచర్ షాపాయన మాత్రం 'పంచర్' అని రాసిన పాత టైరు పక్కన నిలబడి, తననూ తీయమన్నాడు.

తుర్కపల్లి వెళ్లే దారిలో ఒక కిరాణా కొట్టు రేకు బోర్డు తమరు తప్పక చూడాలి. నీలం పెయింటు మీద పసుపు అక్షరాలు. అడుగున 'రంగారెడ్డి జిల్లా, ఆం.ప్ర.' అని ఉండేది. 2014లో రాష్ట్రం వచ్చాక 'ఆం.ప్ర.' మీద సున్నం కొట్టారు. వానలకు సున్నం కారిపోయి 'ఆం' ఒక్కటే మళ్లీ తొంగి చూస్తోంది. 2016 అక్టోబరు 11న మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా పుట్టింది. అంత పొడుగు పేరుకు రేకు మీద చోటేదీ? పెయింటర్ 'మేడ్చల్-మల్' దాకా లాక్కొచ్చి చేతులెత్తేశాడు. కలెక్టరేట్ కొన్నాళ్లు కీసరలో ఉండి, 2022లో అంతాయిపల్లికి మారింది. ఇక 2025 చివర్లో మేడ్చల్, తూంకుంట మున్సిపాలిటీలను జీహెచ్‌ఎంసీలో కలిపేశారు. బోర్డు మళ్లీ ఎప్పుడు రాయిస్తారని అడిగితే, "ఈసారి సుద్దముక్కతో రాస్తా సార్" అన్నాడు కొట్టాయన.

మేడ్చల్ మీదుగా పోయే హైవేకు 2010లోనే 44వ నంబరు ఇచ్చారు. రోడ్డు పక్క పాత గోడల మీద అది ఇంకా ఏడో నంబరే. మేడ్చల్ రైల్వే స్టేషన్ పసుపు బోర్డుకే ఈ బాధ లేదు. ఊరి పేరు కింద సముద్రమట్టానికి ఎంత ఎత్తో రాసి ఉంటుంది. జిల్లాలు ఎన్నిసార్లు చీలినా సముద్రం తన లెక్క మార్చుకోలేదు మరి.

నవ్వులాటకు రాయలేనిది ఒకటుంది. చెరువు గట్టున 'నీటిలోకి దిగరాదు, లోతు ఎక్కువ' అన్న బోర్డు. ఆదివారం వచ్చే కుర్రాళ్లు దానిమీదే చొక్కాలు ఆరేసి దిగుతున్నారు. ఇక్కడ మునిగి చనిపోయినవాళ్ల వార్తలు పేపర్లలో వస్తూనే ఉన్నాయి. మొన్న ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ తెచ్చి సరిగ్గా దానికి అడ్డంగా కట్టారు. నాయకుడి దండం కనబడుతోంది, లోతు కనబడట్లేదు.

కావున తమరిని కోరేది ఏమనగా, కొత్త బోర్డులు వచ్చాయని పాతవాటిని తుక్కుకు అమ్మేయకండి. కొత్తది వాటి కింద బిగించండి, ఊరు ఎన్ని చేతులు మారిందో పిల్లలు నిలబడి చదువుకుంటారు. అదీ కుదరదంటే, పీకే ముందురోజు కబురు పెట్టండి, వచ్చి ఫొటో తీసుకుంటాను. చెరువు దగ్గరి ఫ్లెక్సీకి మాత్రం ఫైలు, సంతకం, టెండరు అనకుండా, ఆదివారం లోపు తీయించగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
శామీర్‌పేట.